సోషల్ మీడియా కేసులు, న్యాయస్థానాలు (కడప జిల్లా, ఆంధ్రప్రదేశ్)

ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్‌లలో వచ్చిన రాజకీయ వ్యాఖ్యల మీద పోలీసులు కట్టిన కేసులు, ఆ కేసుల మీదా వ్యాఖ్యల మీదా కోర్టులు ఇచ్చిన ఉత్తర్వులు ఈ వ్యాసానికి విషయం. కాలం ప్రధానంగా 2017 నుంచి 2025 వరకు. రాష్ట్రమంతటా ఇలాంటి కేసులున్నా ఇక్కడ కడప జిల్లాకు, అందులోనూ పులివెందుల నియోజకవర్గంలోని వేంపల్లె పరిసరాలకు ఎక్కువ చోటిచ్చాం. మాట్లాడొద్దని కోర్టు పెట్టిన ఆంక్ష, పోస్టు పెట్టినందుకు పోలీసులు చేసిన అరెస్టు, రెండూ ఈ గడ్డ మీదే ఒకే ఏడాదిలో ఎదురవడం అందుకు కారణం.

వేంపల్లె పాపాఘ్ని ఒడ్డున ఉన్న మండల కేంద్రం. వైఎస్ రాజశేఖరరెడ్డి సమాధి ఉన్న ఇడుపులపాయ, అక్కడి ట్రిపుల్ ఐటీ ఈ మండలంలోనివే. వైఎస్ జగన్‌మోహన్‌రెడ్డి 2017 నవంబరు 6న పాదయాత్రకూ, 2024 మార్చి 27న ఎన్నికల బస్సు యాత్రకూ ఇడుపులపాయ నుంచే బయలుదేరారు. ఇక్కడి ఎన్నికల ప్రచారం రచ్చబండ మీద ఎంత నడుస్తుందో కువైట్‌లో ఉన్న బంధువుల ఫోన్లలోనూ అంతే నడుస్తుంది. ఒకే ఇంట్లో రెండు పార్టీల వాట్సాప్ గ్రూపులుండటం ఇక్కడ వింతేమీ కాదు. వైసీపీ తరఫున రాసేవాళ్లను అవతలివాళ్లు ‘పేటీఎం బ్యాచ్’ అంటారు. తెలుగుదేశం వైపు పత్రికలకు, చానళ్లకు ఇవతలివాళ్లు పెట్టిన పేరు ‘ఎల్లో మీడియా’.

కడప కోర్టు ఉత్తర్వు, 2024

మాజీ మంత్రి వైఎస్ వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని తన ఇంట్లో హత్యకు గురయ్యారు. దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. విచారణను సుప్రీంకోర్టు 2022 నవంబరు 29న హైదరాబాద్‌లోని సీబీఐ కోర్టుకు బదిలీ చేసింది. 2024 ఎన్నికల్లో కడప లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా వైఎస్ షర్మిల నిలబడటంతో హత్య ఉదంతం ప్రచారానికి ముఖ్యాంశమైంది. ఎదుటి అభ్యర్థి, సిట్టింగ్ ఎంపీ వైఎస్ అవినాష్‌రెడ్డి అదే కేసులో నిందితుడు. వివేకా కుమార్తె సునీత ఊరూరా తిరిగి తండ్రి హత్య గురించి మాట్లాడారు.

వైసీపీ జిల్లా అధ్యక్షుడు వేసిన దావా మీద కడప కోర్టు 2024 ఏప్రిల్ 16న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. షర్మిల, సునీత, చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్, నారా లోకేశ్, పురందేశ్వరి, పులివెందుల తెలుగుదేశం అభ్యర్థి బీటెక్ రవి తదితరులు వివేకా హత్యను ప్రచారంలో ప్రస్తావించకూడదన్నది దాని సారం. ఎదుటి పక్షం వాదన వినకుండా ఇచ్చిన ఉత్తర్వు ఇది. దీని పరిధిని పత్రికలు ఒక్కో తీరుగా రాశాయి. కొన్ని దీన్ని పూర్తి నిషేధంగా చెప్పగా, అవినాష్‌రెడ్డిని హంతకుడిగా పేర్కొనడం వరకే ఆంక్ష అని మరికొన్ని వివరించాయి. ప్రచారంలో ఉన్నవాళ్లు మొదటి అర్థమే తీసుకున్నట్టు కనిపిస్తుంది. అసలు విచారణ హైదరాబాద్‌లో నడుస్తుంటే, నోరు కట్టేసే ఉత్తర్వు కడపలో పుట్టడం దీనిలోని విశేషం.

బాధిత పక్షం పై కోర్టులకు వెళ్లింది. మే 17న జస్టిస్ బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది. అవతలివాళ్ల మాట వినకుండా భావప్రకటనా స్వేచ్ఛకు అడ్డుకట్ట వేసినట్టు ప్రాథమికంగా కనిపిస్తోందన్నది దాని అభిప్రాయం. పోలింగ్ మే 13నే అయిపోయింది. అంటే స్టే వచ్చేనాటికి ఎవరూ ప్రచారం చేయాల్సిన అవసరం లేదు. ప్రచార కాలంలో పెట్టిన నోటి ఆంక్షకు అప్పీలులో గెలిచినా దక్కేదేమిటన్న ప్రశ్నకు న్యాయశాస్త్ర పుస్తకాల్లో వెతికే ఉదాహరణ ఇకమీదట ఇదే కావచ్చు.

పూర్వరంగం

తెలుగువాళ్లకు న్యాయవ్యవస్థ మీద ఘాటైన విమర్శ కొత్త కాదు. కేంద్ర మంత్రిగా ఉండగా పి. శివశంకర్ 1987 నవంబరు 28న హైదరాబాద్‌లో చేసిన ప్రసంగంలో సుప్రీంకోర్టు ఉన్నవాళ్ల పక్షం వహిస్తోందని దుయ్యబట్టారు. ఆయన అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారే. కోర్టు ధిక్కారం కేసు పడింది. పి.ఎన్. దూడా కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1988లో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ, కొన్ని మాటలు లేకుంటే బాగుండేదంటూనే, ధిక్కారం కాదని తేల్చారు. న్యాయమూర్తుల వర్గ స్వభావం గురించి మంత్రిగారు వేదిక మీద అన్న మాట చెల్లింది. ముప్పై రెండేళ్ల తరువాత, 2020లో న్యాయమూర్తుల మీద ఫేస్‌బుక్‌లో పెట్టిన మాటల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. రెండూ ఒక తరహా మాటలు కావన్నది నిజమే. 2020 పోస్టుల్లో బూతులు, బెదిరింపులు ఉన్నాయి.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దానితో పోలీసులకు పని తగ్గలేదు. అసభ్య చిత్రాలకు వర్తించే 67వ సెక్షన్, వర్గాల మధ్య వైషమ్యానికి సంబంధించిన పాత శిక్షాస్మృతి సెక్షన్లు, 2024 జూలై 1 తరువాత భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాలకు ఉద్దేశించిన 111 సెక్షన్ ఆ ఖాళీని నింపాయి. చివరిది పడితే స్టేషన్ బెయిలు మాటే ఉండదు. అందుకే ఒక పోస్టు వ్యవస్థీకృత నేరం ఎలా అవుతుందన్న వాదన హైకోర్టులో పదేపదే వచ్చింది.

ఈ పరంపరకు మొదలు ఎక్కడన్నది పార్టీని బట్టి మారుతుంది. వైసీపీవాళ్లు 2017 ఏప్రిల్‌ను చూపిస్తారు: శాసనమండలి మీద కార్టూన్ వేసినందుకు ‘పొలిటికల్ పంచ్’ ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ని చంద్రబాబు ప్రభుత్వ పోలీసులు అరెస్టు చేశారు. తెలుగుదేశంవాళ్లు 2020 మేను చూపిస్తారు: విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ ప్రమాదంపై పోస్టును పంచుకున్నందుకు గుంటూరుకు చెందిన ఒక వృద్ధురాలి మీద సీఐడీ కేసు కట్టింది. ఇంకా వెనక్కి వెళితే, వార్తలపై అధికారులు కేసులు వేయడానికి వీలు కల్పించిన 2007 నాటి జీవో 938 ఉంది. రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చిన ఆ ఉత్తర్వు నిరసనలతో వెనక్కి పోయింది. 2019 అక్టోబరులో ఆయన కుమారుడు జగన్ ప్రభుత్వం దాదాపు అదే పనికి జీవో 2430 తెచ్చింది. తేదీల వరస చూస్తే, ఏ ఒక్క పార్టీ దీన్ని కనిపెట్టిందనడం కష్టం.

హైకోర్టే ఫిర్యాదుదారు, 2020

2020లో హైకోర్టు జగన్ ప్రభుత్వ నిర్ణయాలను వరసగా తోసిపుచ్చింది. పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు, ఇంగ్లీషు మీడియం జీవోలు, ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ తొలగింపు ఒకదాని తరువాత ఒకటి వీగిపోయాయి. ప్రతి తీర్పు తరువాతా న్యాయమూర్తుల కులాన్ని, కుటుంబాన్ని లాగుతూ పోస్టులు వెల్లువెత్తాయి. మే 26న హైకోర్టు అప్పటి బాపట్ల ఎంపీ నందిగం సురేశ్, మాజీ ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్‌తో సహా 49 మందికి ధిక్కార నోటీసులిచ్చింది. రిజిస్ట్రార్ జనరల్ ఫిర్యాదులపై సీఐడీ కేసులు కట్టింది కానీ అడుగు ముందుకు వేయలేదు.

అక్టోబరు 12న జస్టిస్ రాకేశ్‌కుమార్, జస్టిస్ జె. ఉమాదేవిల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. 12 ఎఫ్‌ఐఆర్‌లను కలిపి సీబీఐ నవంబరు 11న కేసు నమోదు చేసింది. నిందితుల సంఖ్య 16 అని సీబీఐ ప్రకటన, 17 అని కొన్ని పత్రికలు. ఇక్కడ సీబీఐ లెక్కనే తీసుకున్నాం. కువైట్‌లో ఉంటున్న ఒక నిందితుణ్ని 2021 జూలైలో దేశంలో కాలుపెట్టగానే పట్టుకున్నారు. అమెరికాలో ఉంటూ వీడియోలు చేసిన నిందితుడి విషయంలో మాత్రం ఆ చురుకు కనిపించలేదని హైకోర్టే సీబీఐని నిలదీసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్‌కుమార్ మిశ్రా. ఈ పేరు మళ్లీ వస్తుంది.

ఫిర్యాదు చేసింది హైకోర్టు, దర్యాప్తు వేయించింది హైకోర్టు, పర్యవేక్షించిందీ హైకోర్టే. న్యాయమూర్తులకు బెదిరింపులు వచ్చినప్పుడు వేరే దారి ఏముందన్నది ఒక వాదన. బెదిరింపును, వెటకారాన్ని ఒకే కట్టలో కట్టారన్నది మరొకటి. రెండో వాదనకే బలం ఎక్కువ అనిపిస్తుంది. దేశంలో అదే ఏడాది ఆగస్టులో రెండు ట్వీట్లకు ప్రశాంత్ భూషణ్‌ను దోషిగా తేల్చి సుప్రీంకోర్టు ఒక్క రూపాయి జరిమానాతో సరిపెట్టింది.

అదే నెలల్లో రెండు సంఘటనలు వేడి పెంచాయి. అమరావతి భూముల వ్యవహారంలో మాజీ అడ్వొకేట్ జనరల్ దమ్మాలపాటి శ్రీనివాస్ తదితరులపై ఏసీబీ పెట్టిన ఎఫ్‌ఐఆర్ వివరాలు పత్రికల్లోనూ సోషల్ మీడియాలోనూ రాకూడదని సెప్టెంబరు 15న హైకోర్టు ఆదేశించింది. మీడియా ఆంక్షపై నవంబరు 25న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోగా జగన్ అక్టోబరు 6 తేదీతో ప్రధాన న్యాయమూర్తి బోబ్డేకు లేఖ రాశారు. హైకోర్టును జస్టిస్ ఎన్.వి. రమణ ప్రభావితం చేస్తున్నారన్నది అందులోని ఆరోపణ. లేఖను అక్టోబరు 10 రాత్రి పత్రికలకు విడుదల చేశారు. సీబీఐ ఉత్తర్వు వచ్చింది ఆ తరువాత రెండు రోజులకే. లేఖపై ధిక్కార చర్యకు అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ సమ్మతించలేదు. ఆరోపణలను సుప్రీంకోర్టు అంతర్గత విచారణ తరువాత 2021 మార్చి 24న తోసిపుచ్చింది. ముఖ్యమంత్రి రాసింది లేఖ, కార్యకర్త పెట్టింది పోస్టు. జైలుకు వెళ్లింది రెండోవాడే.

సర్కారు మారాక

2024 జూన్‌లో తెలుగుదేశం నేతృత్వంలోని కూటమి ప్రభుత్వం వచ్చింది. నవంబరు మొదటివారంలో పులివెందుల ప్రాంతానికి చెందిన వైసీపీ సోషల్ మీడియా కార్యకర్తను పోలీసులు అదుపులోకి తీసుకుని, నోటీసిచ్చి వదిలేశారు. ఆ తరువాతి రోజుల్లోనే జిల్లా ఎస్పీ బదిలీ అయ్యారు, ఒక సీఐ సస్పెండయ్యారు. తరువాత అతణ్ని మళ్లీ పట్టుకున్నారు. ఎప్పుడు పట్టుకున్నారన్నదానిపై పోలీసుల మాటా, కుటుంబం మాటా కలవవు. ఆడవాళ్ల మీద అతను పెట్టినట్టు చెప్పిన పోస్టులు నీచమైనవన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. వివాదమంతా అరెస్టు తీరు మీదే. ఆ నెలంతా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు వరసకట్టాయి. ప్రతీకారమన్న అర్థంలో ‘రెడ్ బుక్ పాలన’ అని వైసీపీ అంది. ఆడబిడ్డల గౌరవం కోసమని ప్రభుత్వం అంది.

మూకుమ్మడి అరెస్టులపై సీనియర్ పాత్రికేయుడు పోలా విజయబాబు వేసిన ప్రజాహిత వ్యాజ్యాన్ని హైకోర్టు 2024 నవంబరులో కొట్టేసి, 50 వేల రూపాయల ఖర్చులు కూడా విధించింది. జడ్జీలను కూడా వదల్లేదు కదా అన్న వ్యాఖ్య విచారణలో వినిపించింది. 2020 నాటి గాయం మానలేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. విడిగా వెళ్లినవాళ్లకు మాత్రం అదే హైకోర్టులో ఊరట దొరికింది. దర్శకుడు రామ్‌గోపాల్ వర్మకు డిసెంబరు 10న ముందస్తు బెయిలు వచ్చింది.

నటుడు పోసాని కృష్ణమురళి ఉదంతం, ఒక జైల్లో ఉన్న నిందితుణ్ని మరో కేసు కోసం తీసుకుపోయే పీటీ వారెంట్ అంటే ఏమిటో రాయలసీమ జనానికి బాగా తెలియజెప్పింది. ఓబులవారిపల్లె పోలీసులు 2025 ఫిబ్రవరి 26న హైదరాబాద్‌లో ఆయన్ను అరెస్టు చేసి తెచ్చారు. రైల్వే కోడూరు కోర్టు రిమాండ్ విధించింది. రాజంపేట సబ్‌జైలు నుంచి నరసరావుపేట పోలీసులు తీసుకుపోయారు, గుంటూరు నుంచి ఆదోని పోలీసులు తీసుకుపోయారు, కర్నూలు జైలు నుంచి సీఐడీ మళ్లీ గుంటూరుకు తీసుకుపోయింది. ఒక కేసులో బెయిలు చేతికొచ్చేలోపు ఇంకో ఊరి వారెంటు సిద్ధం. మార్చి 22న గాని బయటపడలేదు. ఒకే మాటకు ఊరూరా కేసులు కట్టకూడదని అర్ణబ్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

2025 జూన్ 9న సాక్షి టీవీ వ్యాఖ్యాత కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. అమరావతి మహిళలపై అతిథి చేసిన వ్యాఖ్యకు ఆయన నవ్వారన్నది అభియోగంలో ముఖ్యభాగం. నాలుగు రోజులకే, 13న, సుప్రీంకోర్టు విడుదలకు ఆదేశించింది. ధర్మాసనంలో ఒకరు జస్టిస్ ప్రశాంత్‌కుమార్ మిశ్రా.

మేజిస్ట్రేట్లకు సర్క్యులర్

పెద్ద కోర్టుల తీర్పులకంటే ఈ వ్యవహారంలో ఎక్కువ బరువున్నది కింది కోర్టు రిమాండ్ ఉత్తర్వుకే. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట నిలబెడతారు. అక్కడ సంతకం పడితే మిగతావన్నీ జైల్లో ఉండి కొట్లాడాల్సినవే. ఈ సంగతి గుర్తించిన ఉత్తర్వుగా 2025 జూలై మొదటివారంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జారీచేసిన సర్క్యులర్‌ను చెప్పుకోవాలి. ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చి 28న చెప్పినదాన్ని, 2014 నాటి అర్ణేశ్ కుమార్ తీర్పును పాటించకుండా సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ విధిస్తే శాఖాపరమైన విచారణ, ధిక్కార చర్య తప్పవని అందులో హెచ్చరించింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే మాటల నేరాల్లో, కేసు కట్టేముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపాలన్నది ప్రతాప్‌గఢీ తీర్పులోని ఆచరణ సూత్రం.

పొరుగు రాష్ట్రాలు

తెలంగాణ హైకోర్టులో జస్టిస్ ఎన్. తుకారాంజీ 2025 సెప్టెంబరు 10న కాంగ్రెస్ ప్రభుత్వంపై పెట్టిన పోస్టుల కేసులను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలిచ్చారు. ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా చూడాలి, ఘాటైన రాజకీయ విమర్శకు కేసు కట్టకూడదు అన్నవి వాటిలో ముఖ్యం. రెండు వారాలకు, సెప్టెంబరు 24న, కర్ణాటక హైకోర్టు మరో దిక్కుకు మొగ్గింది. పోస్టులు తీసేయమని అధికారులు సంస్థలకు ఆదేశాలు పంపే ‘సహయోగ్’ పోర్టల్‌పై ఎక్స్ సంస్థ వేసిన పిటిషన్‌ను జస్టిస్ ఎం. నాగప్రసన్న కొట్టేశారు. ఆ దారిలో పోస్టు పోతుంది గాని ఎఫ్‌ఐఆర్ ఉండదు, రిమాండ్ ఉండదు, రాసినవాడు మేజిస్ట్రేటు ముఖం చూడాల్సిన పనీ ఉండదు.