చిత్తూరు జిల్లాలో ఏనుగులు–రైతుల సంఘర్షణ

చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో అడవి ఏనుగులు పంటల మీద పడడం, ఆ క్రమంలో మనుషులూ ఏనుగులూ చనిపోవడం దాదాపు నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న సమస్య. సుమారు రెండు వందల ఏళ్లపాటు ఈ సీమలో అడవి ఏనుగు లేదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన గుంపులు ఇక్కడే నిలిచిపోయాయి. ఏనుగుతో ఎలా మెలగాలో ఇక్కడి రైతుకు తాతముత్తాతలు నేర్పలేదు.

ఈ ఏనుగుల కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. పాలారు ఉపనదులైన కౌండిన్య, కైగల్ దీనిగుండా పారతాయి. అడవి పొడవుగా, కొన్నిచోట్ల బాగా సన్నగా ఉంటుంది. విస్తీర్ణంతో పోలిస్తే పొలిమేర చాలా ఎక్కువ కావడం వల్ల పొలాలు అడవిని ఆనుకునే ఉన్నాయి. సమస్యలో సగం అడవి ఆకారంలోనే ఉంది.

పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల వరకు మేత, వంద లీటర్లకు పైగా నీరు కావాలి. వేసవిలో అడవి కుంటలు ఎండిపోయినా బోర్ల కింద వరి, చెరకు, అరటి పచ్చగానే ఉంటాయి. రోజంతా తిరిగి మేసే మేత ఇక్కడ కొద్ది గంటల్లో దొరుకుతుంది. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ నష్టం. పైరు పోతే మరుసటి కారుకు మళ్లీ వేసుకోవచ్చు. విరిగిన మామిడి చెట్టు తిరిగి కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

అటవీశాఖ ముందునుంచీ నమ్ముకున్నవి కందకాలు, సోలార్ కంచెలు. కందకం గట్టును ఏనుగులు కాళ్లతో తోసి దారి చేసుకుంటాయి; వానలకు అది పూడిపోతుంది, రాతినేలలో అసలు తవ్వడమే కష్టం. సోలార్ కంచెలో కరెంటు నిరంతరంగా కాక, విడివిడి పల్స్‌లుగా పారుతుంది కాబట్టి షాక్ కొడుతుందే గాని ప్రాణం తీయదు. దంతానికి షాక్ తగలదని గ్రహించిన మగ ఏనుగులు దంతాలతోనే తీగ తెంపుతాయి, లేదా చెట్టును దాని మీదికి పడదోస్తాయి. కలుపు పెరిగి తీగకు తగిలినా కరెంటు నేలపాలవుతుంది. కంచె వేసిన రోజు ఖర్చు లెక్కలో ఉంటుంది, ఆ తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్నదే తేలదు. చాలాచోట్ల కంచె విఫలం కావడానికి ఏనుగు తెలివికంటే ఇదే పెద్ద కారణం.

టపాసులు, డప్పులతో తరిమితే గుంపు పక్క ఊరి పొలంలో పడుతుంది. కొన్నాళ్లకు ఆ చప్పుళ్లూ అలవాటైపోతాయి. చీకట్లో జనం గుంపుగా చుట్టుముట్టడం అన్నిటికంటే ప్రమాదం. పిల్లలున్న గుంపు, మదమెక్కిన ఒంటరి మగ ఏనుగు తిరగబడితే తప్పించుకోవడం కష్టం. అందుకే ట్రాకర్లు జాడలు పట్టి, గుంపు ఎటు కదులుతోందో ఊళ్లకు ముందే చెప్పే పద్ధతి నిజంగా ప్రాణాలు కాపాడుతుంది.

అడవి ఏనుగులను మళ్లించేందుకు శిక్షణ పొందిన ఏనుగులను కుంకీలంటారు. రామకుప్పం మండలం ననియాల శిబిరంలో ఇవి ముందునుంచీ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 2025 మేలో కర్ణాటక మరో నాలుగు కుంకీలను ఇచ్చింది. వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం కట్టారు. కుంకీ ఏనుగును అడవిలోకి మళ్లించగలదు, మళ్లీ రాకుండా ఆపలేదు.

పొలం చుట్టూ కరెంటు తీగ దొంగతనంగా లాగడం నేరం; అడవి పందుల కోసం పెట్టిన తీగకు ఏనుగు బలైనా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏనుగుకు మొదటి షెడ్యూలు కింద అత్యున్నత రక్షణ ఇస్తోంది. ఏనుగులకు ముప్పు పొలం తీగలతోనే కాదు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర రహదారి దాటుతున్న మూడు ఏనుగులు లారీ ఢీకొని చనిపోయాయి. అంతకు నెల ముందు పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో మరణించాయి. ఒడిశా నుంచి వచ్చే గుంపులతో ఉత్తరాంధ్రలోనూ ఇదే సమస్య ఉంది.

ఒకప్పటి చిత్తూరులాగే ఏనుగుల అలికిడే ఎరగని తెలంగాణలోనూ 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ఒంటరి మగ ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఒక రోజు వ్యవధిలో ఇద్దరు రైతులు దాని దాడిలో చనిపోయారు.