జీతపు కోతయా, కొలువు కోతయా?

కఱవు వచ్చిన యేట ఉమ్మడి కుటుంబమునకు రెండు దారులు కలవు. ఉన్న గింజలను కొలత తగ్గించి అందఱును పంచుకొని తినుట యొకటి. ఇంటిలోని చిన్నవారిని పొట్ట చేతబట్టుకొని పొమ్మని, తక్కినవారు ఎప్పటివలె తినుట రెండవది. మొదటిది ధర్మమని చెప్పుట సులభము. కాని గాదె తాళము మఱియొకరి చేతనున్నపుడు, మనము తగ్గించుకొన్న గింజ చిన్నవాని విస్తరిలో పడునో, గాదెలోనే నిలిచిపోవునో యెవ్వరు చెప్పగలరు? అమెరికాదేశపు విమానచోదకులకు ఈ ప్రశ్న తొమ్మిది దశాబ్దములలో పలుమాఱులు ఎదురైనది. వారు చెప్పిన సమాధానములును, వాని ఫలితములును, జీతముపై బ్రతుకు ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినవని మేము తలంచుచున్నాము.

విమానచోదకుల కొలువునకు ఒక విశేషము కలదు. ప్రతి సంస్థయందును, చేరిన తేది ననుసరించి ఒక వరుసపట్టిక యుండును. నడపు విమానము, పోవు మార్గము, సెలవు దినములు అన్నియు ఆ పట్టికలోని స్థానమునుబట్టియే లభించును. ఒక సంస్థను వీడి మఱియొకదానిలో చేరినచో, ఇరువదియేండ్ల అనుభవము గలవాడును అట్టడుగుననే నిలువవలయును. పని తగ్గినపుడు తొలగింపు ఆ యడుగునుండియే మొదలగును. దీనిని అచ్చట ఫర్లో అందురు. జీతము లేకుండ ఇంటికి పంపుటయే కాని, పని పెరిగినపుడు అదే వరుసలో మరల పిలువబడు హక్కు మిగిలియుండును. కాని ఆ పిలుపు వచ్చువఱకు ఇంటి అప్పు ఆగదు. పైగా 90 దినములలో మూడు మాఱులైనను విమానమును ఎగురవేసి దించనివాడు ప్రయాణికులను తీసికొని పోరాదని అచ్చటి నిబంధన. ఖాళీగా కూర్చున్నకొలది వాని విద్యకే తుప్పు పట్టును.

కావున సంఘమున ఓటు వేయు పెద్దలకు కొలువు భద్రము, చిన్నలకు గండము. జీతపు కోతకు ఒప్పుకొనుట యనగా, పెద్దలు తమ పళ్లెములోనిది తీసి చిన్నల పళ్లెములో వేయుట. ఈ ప్రశ్నయొక్క బరువంతయు ఇచ్చటనే యున్నది.

చోదకుల సంఘము 1931 లో డేవిడ్ బెంకీ నాయకత్వమున స్థాపింపబడెను. అది ఆర్థికమాంద్యపు కాలము. 1932 ఫిబ్రవరిలో షికాగో నగరమున, సెంచరీ విమానసంస్థ యజమానియగు ఇ. ఎల్. కార్డ్ తన చోదకుల జీతమును సగమునకు మించి కోయ నెంచెను. ఒప్పుకొనని వారికి కొలువు తలుపులు మూయబడెను. అప్పటి కాంగ్రెసు సభ్యుడును, మొదటి మహాయుద్ధమున స్వయముగా విమానము నడపినవాడును, తరువాత న్యూయార్కు నగరాధ్యక్షుడైనవాడును నగు లాగార్డియా చోదకుల పక్షమున నిలిచెను. జీతము తగ్గిన చోదకుడు గంటలు పెంచుకొనును. అలసిన చోదకుడు ప్రయాణికులకు అపాయము. 1934 లో జాతీయ కార్మిక మండలి తన 83వ తీర్పున నెలకు 85 గంటలకు మించి నడుపరాదని కట్టడి చేసి, జీతము లెక్కించు పద్ధతిని గూడ నిర్ణయించెను. 1938 నాటి పౌరవిమానయాన చట్టమున ఆ తీర్పునకు స్థానము కలిగెను.

ఆ చట్టము వచ్చినది మొదలు నలుబదియేండ్లు విమానపు చార్జీలు ప్రభుత్వపు అదుపున నుండెను. జీతములు పెరిగినను ఆ భారమును చార్జీలో కలుపుకొనుటకు సంస్థలకు వీలు చిక్కెడిది. 1978 లో ఆ కట్టుబాటు తొలగెను, పోటీ ముదిరెను. 1983 సెప్టెంబరు 24 న కాంటినెంటల్ సంస్థ దివాలా రక్షణ కోరి, కార్మికులతోడి ఒడంబడికలను ప్రక్కకు నెట్టెను. సుమారు 12,000 మంది ఉద్యోగులలో మూడింట రెండు పాళ్లవారు వీధిపాలైరి; మిగిలినవారికి రమారమి సగము జీతమే దక్కెను. చోదకులు సమ్మె కట్టిరి. అది 1985 వఱకు సాగెను గాని, సంస్థ విమానములు ఎగురుచునే యుండెను. జీతపు కోతయు కొలువు కోతయు ఒక్కమాఱే వచ్చి పడగలవని చోదకులకు తెలిసివచ్చినది. 1984 లో చట్టము సవరింపబడి, ఒడంబడికను రద్దు చేయుటకు ముందు సంఘముతో చర్చించి న్యాయస్థానపు అనుమతి పొందవలయునను నియమము చేరెను.

2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము తరువాత ప్రయాణికులు తగ్గిరి. 2003 ఏప్రిలులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ దివాలా అంచున నుండగా, అందలి ఉద్యోగులు ఏటికి 180 కోట్ల డాలరుల మేర తమ రాబడిని వదలుకొన నంగీకరించిరి. ఓట్లు పడిన వెంటనే మఱియొక సంగతి బయటపడినది. ఉన్నతాధికారులు సంస్థను వీడకుండుటకై వారికి ప్రత్యేక పారితోషికములును, దివాలా వచ్చినను చెక్కుచెదరని పింఛను నిధియు ముందే ఏర్పాటు చేయబడియున్నవట! కార్మికులు మండిపడిరి. సంస్థాధిపతి డొనాల్డ్ కార్టీ ఏప్రిలు 24 న పదవి విడిచెను. దివాలా అప్పటికి తప్పినది. 2011 నవంబరు 29 న వచ్చినది.

డెల్టా సంస్థ కథ మఱింత కఠినము. 2004 నవంబరులో అందలి చోదకులు నూటికి 32.5 వంతుల జీతపు కోతకు తలయొగ్గిరి. ఏడాది తిరుగకముందే, 2005 సెప్టెంబరు 14 న, సంస్థ దివాలా తీసెను. 2006 లో మరల నూటికి 14 వంతుల కోత పడెను. చోదకుల పింఛను పథకము గూడ రద్దయ్యెను.

అదే డెల్టా సంస్థలో 2020 లో అదే ప్రశ్న మరల తలయెత్తినది. కరోనా మహమ్మారివలన ఆకాశము ఖాళీ యయ్యెను. ఆ యేటి మార్చిలో వచ్చిన సహాయచట్టము, జీతములకై ప్రభుత్వధనము పుచ్చుకొన్న సంస్థలు సెప్టెంబరు 30 వఱకు ఎవ్వరిని బలవంతముగా తొలగింపరాదని శాసించెను. గడువు తీఱిన మఱునాడే అమెరికన్ సంస్థలో సుమారు 1,600 మంది చోదకులు ఇంటిదారి పట్టిరి. యునైటెడ్ సంస్థ చోదకులు ఉన్న పనిని పంచుకొనుటకు ఒప్పుకొని, 2,850 మంది కొలువులను 2021 జూను వఱకు నిలిపిరి. డెల్టా చోదకులు నవంబరులో, నెలకు తమకు హామీగా నుండు కనీసపు గంటలను నూటికి 5 వంతులు తగ్గించుకొని, 1,700 పైచిలుకు చిన్నవారి కొలువులు కాపాడిరి. అందులకు బదులుగా 2022 జనవరి 1 వఱకు ఎవ్వరిని తొలగింపనని సంస్థ వ్రాసి యిచ్చెను.

దీనికి ఎదురుసాక్ష్యము లేకపోలేదు. సౌత్‌వెస్ట్ సంస్థ నూటికి 10 వంతుల కోత అడుగగా చోదకుల సంఘము నిరాకరించెను. 1,200 పైచిలుకు చోదకులకు తొలగింపు హెచ్చరికలు చేరెను. ఇంతలో డిసెంబరు 27 న రెండవ సహాయచట్టము రాగా, ఆ హెచ్చరికలు వీగిపోయెను. కాదన్నవారు సుఖముగా బయటపడిరి, నిజమే. కాని ఆ నెలలో ఆ చిన్నవారి యిండ్లలో నిద్ర యెట్లుండెనో మనమూహింపవచ్చును. పొరుగింటి ధాన్యము సకాలమున వచ్చుటనుబట్టి ఇంటి నీతిని నిర్ణయింపరాదు.

2004 నాటి త్యాగము మంటగలియుటకును, 2020 నాటిది నిలుచుటకును కారణమేమి? జీతపు కోత విమానమును ప్రయాణికులతో నింపలేదు. చార్జీలు పడిపోయి, ఇంధనపు ధర పెరిగి, అప్పు పేరుకొన్న సంస్థకు అది దీర్ఘరోగికి పెట్టిన ఒంటిపూట పత్యము. మహమ్మారి యనునది తగ్గెడి జ్వరము, ప్రభుత్వసహాయము మందైనది, ఆ నడుమ నడచుటకు పత్యము చాలెను. ప్రయాణికులు తిరిగివచ్చిరి. చోదకులకే కొఱత ఏర్పడగా, 2023 మార్చిలో డెల్టా చోదకులు నాలుగేండ్లలో నూటికి 34 వంతుల హెచ్చును సాధించిరి. 2020 లో నిలుపుకొన్న చిన్నవారు అప్పటి సంస్థకు భారము కాలేదు, బలమైరి.

కావున త్యాగము కోరు యజమానిని మూడు ప్రశ్నలు అడుగవలయును. ఈ కోతకు గడువు ఎంత? దీనికి బదులుగా నిలుచు కొలువులెన్ని, ఆ మాట వ్రాతలో నున్నదా? మేడపైవారి విస్తరి కూడ తగ్గినదా? ఈ మూడింటికి సమాధానము లేనిచోట కోతకు ఒప్పుకొనుట ఔదార్యము కాదు, అమాయకత. సమాధానము దొరికినచోట ఒప్పుకొనకుండుట హక్కు కావచ్చును గాని, న్యాయము కాదు. పట్టికలో పైనున్నవాడు ఒకనాడు అడుగున నుండినవాడే. అతడు పైకి వచ్చువఱకు వానిని నిలిపినవా రెవ్వరో యుందురు.