వలస ఒక్కటే కారణమా? అమెరికాలో హిస్పానిక్ పేదరికం వెనుక చరిత్ర

2019లో అమెరికాలో హిస్పానిక్‌ల పేదరికం రేటు 15.7 శాతం. హిస్పానిక్‌లు కాని శ్వేతజాతీయుల్లో 7.3 శాతం. ఈ తేడాకు కారణం అడిగితే "వలస వచ్చారు, చదువు తక్కువ" అని రాసేస్తాం. అది సగం జవాబే. హిస్పానిక్‌లందరి చరిత్రా ఒకటి కాదు. ప్యూర్టోరికో, క్యూబా మూలాల వారి కథ వేరు. ఇక్కడ సంఖ్యలో పెద్దదైన మెక్సికన్ మూలాల వర్గాన్ని చూద్దాం. భూమి, కూలి, బడి అనే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

భూమి: 1848 గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా సహా విశాల ప్రాంతం అమెరికాకు దక్కింది. అక్కడి మెక్సికన్లు సరిహద్దు దాటలేదు, సరిహద్దే వాళ్లను దాటింది. ఆస్తికి రక్షణ అని ఒప్పందంలో రాశారు. కానీ 1851 కాలిఫోర్నియా భూ చట్టం హక్కును నిరూపించుకునే భారం యజమానులపైనే మోపింది. ఏళ్ల తరబడి సాగిన కేసుల ఖర్చులకే చాలామంది భూములు కరిగిపోయాయి.

కూలి: 1935 కార్మిక సంఘాల చట్టం, 1938 కనీస వేతన చట్టం రెండూ వ్యవసాయ కూలీలను పక్కన పెట్టాయి. 1942 నుంచి 1964 వరకు బ్రాసెరో పథకం కింద మెక్సికో నుంచి తాత్కాలిక కూలీలను తెచ్చారు. దాంతో స్థానిక కూలీలకు బేరమాడే బలం తగ్గింది. 1965లో డెలానో ద్రాక్ష తోటల్లో ఫిలిపినో కూలీలు మొదలుపెట్టిన సమ్మెలో సీజర్ చావెజ్, డొలోరెస్ హుయెర్టా నడిపిన సంఘం చేరింది. 1970లో గానీ చాలామంది యజమానులు ఒప్పందాలకు దిగిరాలేదు.

బడి: టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పాఠశాల జిల్లా ఉంది. అప్పట్లో అక్కడ దాదాపు 90 శాతం విద్యార్థులు మెక్సికన్ మూలాల వారే. 1967-68లో ఆ జిల్లా ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను వేసింది. అదే శాన్ ఆంటోనియో ప్రాంతంలోని సంపన్న జిల్లా అలామో హైట్స్ వేసింది 0.85 డాలర్లే. అయినా స్థానిక పన్నుతో ఒక్కో విద్యార్థికి వచ్చింది ఇక్కడ 26 డాలర్లు, అక్కడ 333. ఎక్కువ పన్ను కట్టినా పిల్లలకు తక్కువే దక్కింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, విద్య ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం ప్రాథమిక హక్కు కాదని తీర్పిచ్చింది.

మనకు 2002లో 86వ సవరణతో 21ఏ అధికరణం వచ్చింది. అయితే హక్కు రాసుకోవడం మొదటి మెట్టే. ఆ బడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో మెట్టు. అసమానతలపై ప్రశ్న వస్తే పేదల లోపాలు రాసే ముందు, ఏ చట్టం ఎవరిని బయట ఉంచిందో ఒక్క వాక్యమైనా రాయండి.