మాగాణి లెక్కలో డిగ్రీ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి పశ్చిమ డెల్టాలో వరి పండింది, రైతు చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బు వెంటనే కాలేజీ వైపు మళ్లలేదు. మాగాణి ఉన్న ఇంట్లో పద్దు రాయడం, దస్తావేజు చదవడం వస్తే చాలనుకునేవారు. సర్కారు కొలువు ఆశించిన కొద్దిమందే బందరు నోబుల్ కాలేజీకో, రాజమండ్రికో వెళ్లారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. దాని తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి పేరిటే 1945లో ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ వెలిసింది. కానీ నా దృష్టిలో అసలు మలుపు 1953లో అక్కడే వచ్చిన సెయింట్ థెరిసా మహిళా కాలేజీ. 'ఆడపిల్ల చదివి ఊళ్లేలాలా?' అన్న ఇళ్లలోనే తర్వాతి తరానికి 'అమ్మాయి ఏం చదివింది?' అన్నది పెళ్లిచూపుల మొదటి ప్రశ్నయింది. కట్నం మాత్రం తగ్గలేదు. డిగ్రీ చదివిన పిల్లకు అంతకు మించి చదివిన వరుణ్ని తేవాలని, ఆ చదువుకు తగ్గ ఖరీదు కట్టారు. చదువుకు విలువ పెరిగిందని సంబరపడేవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

తర్వాత ఇంజనీరింగ్ కాలం. సీటు కోసం ఎకరం అమ్మడం అప్పట్లో వింత కాదు. అమెరికా వెళ్లిన కొడుకు రెండెకరాలు కొంటాడన్న ధీమా. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి, అమ్మడానికి సెంటు భూమి లేని ఇళ్లకూ బీటెక్ అందింది. 2015లో తాడేపల్లిగూడేనికి ఎన్ఐటీయే వచ్చింది. పట్టాలు పెరిగినంతగా కొలువులు పెరగలేదు. 'బీటెక్ చదివి ఏం చేస్తున్నాడు?' అన్న మాట ఇప్పుడు ప్రతి రచ్చబండ మీదా వినిపిస్తుంది.

కొల్లేటి లంకల లెక్క వేరు. చేపల చెరువులు లాభాలిచ్చిన రోజుల్లో ఇంటర్ తప్పిన కుర్రాడికి బెంగ ఉండేది కాదు. చేపల మేతకు చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు, చెక్క నింపి, పడవ మీద వెళ్లి గెడలకు కట్టడం వస్తే కూలి దొరికేది. 1999లో కొల్లేరు ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యమైంది. 2006లో ఆ హద్దులోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ పనిని నమ్ముకున్న ఎన్నో ఇళ్లు అప్పుడే పిల్లల చదువు వైపు చూశాయి. డిగ్రీ దండగ అనడం ఆస్తి ఉన్నవాడికి తేలిక. లంక పిల్లకు అదే మొదటి ఆస్తి.

దానికీ అడ్డంకులున్నాయి. రీయింబర్స్‌మెంటుకు 75 శాతం హాజరు కావాలి. వరదొస్తే చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మునిగి బస్సులు ఆగిపోతాయి. ఆ రోజుల గైర్హాజరును ఆ పిల్లల ఖాతాలో వేయకూడదు.