వ్యస్తవిధి నుండి విలోమ ప్రమేయమునకు

ఫలమును బట్టి మొదటి సంఖ్యను కనుగొనుట గణితములో మిక్కిలి పాత సమస్య. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయములోనే దీనికి సూత్రము కలదు. గుణించినచోట భాగించుచు, భాగించినచోట గుణించుచు, కలిపినచోట తీసివేయుచు, తీసివేసినచోట కలుపుచు చివరినుండి మొదటికి రావలెనని దాని సారాంశము. ఇదియే వ్యస్తవిధి, లేక విలోమవిధి.

1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో ఈ విధి వర్గములకును, భిన్నములకును వర్తించినది. అందలి ఒక లెక్కను చూడుడు. ఒక సంఖ్యను 3 చేత గుణించి, వచ్చినదానికి దానిలో 3/4 వంతు కలిపి, 7 చేత భాగించి, ఆ ఫలములో 1/3 వంతు తీసివేసి, వర్గము చేసి, 52 తగ్గించి, వర్గమూలము కనుగొని, 8 కలిపి, 10 చేత భాగింపగా 2 వచ్చినది. ఆ సంఖ్య ఏది?

వెనుకకు నడచినచో 2, 20, 12, 144, 196, 14 వరుసగా వచ్చును. ఇచ్చట విద్యార్థి తొందరపడి 14కు దానిలో 1/3 వంతు కలుపును. అది పొరపాటు. తీసివేసినది 14లో మూడవవంతు కాదు. అంతకుముందున్న సంఖ్యలో మూడవవంతు. ఆ సంఖ్యలో 2/3 వంతు 14 కనుక అది 21. అనగా 14కు దాని సగము కలుపవలెను. అట్లే 3/4 వంతు కలిపినచోట 3/7 వంతు తీసివేయవలెను. భాస్కరుడు ఈ సంగతిని సూత్రములోనే చెప్పెను: లవము మారదు, కలిపినచోట లవమును హారమునకు చేర్చవలెను, తీసివేసినచోట హారమునుండి తగ్గింపవలెను. ఆ ప్రకారము 21ని 7 చేత గుణింపగా 147; అందు 63 పోగా 84; 3 చేత భాగింపగా 28.

అయితే −28తో మొదలిడినను ఫలము 2యే! 14కును, −14కును వర్గము 196 అగుటయే కారణము. ధనసంఖ్యకు రెండు వర్గమూలములు కలవని భాస్కరుడే తన బీజగణితములో తెలిపెను. రెండు సంఖ్యలు ఒకే ఫలమునిచ్చినపుడు ఫలమును మాత్రమే చూచి మొదటిది ఏదో నిర్ణయింపజాలము.

ప్రమేయము అను భావనకు 17వ శతాబ్దములో లైబ్నిట్జ్ పేరుపెట్టిన తరువాత ఈ చిక్కు ఇంకను స్పష్టపడినది. 30°కును, 150°కును సైన్ విలువ 1/2. అందుచేతనే విలోమ సైన్ ప్రమేయమును నిర్వచించునపుడు కోణమును −90° నుండి 90° వరకు పరిమితము చేయుదురు. కావున విలోమమును కనుగొనుటకు వెనుకకు నడచుట ఒక్కటే చాలదు. వెనుకకు ఒకే దారి కలదా అని ముందుగా చూచుకొనవలెను.