ప్రజాభిప్రాయ సేకరణ: సభలో మాట్లాడాలా, రాసివ్వాలా?

విశాఖ పోర్టు, ఉక్కు కర్మాగారం లాంటి పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, కొన్ని మినహాయింపులు పోను, జనం మాట వినాలి. 2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఇందుకు రెండు దారులు చూపింది.

బహిరంగ సభ: కనీసం 30 రోజుల ముందే పేపర్లో ప్రకటన రావాలి. అధ్యక్షత కలెక్టర్‌ది, లేదా ఆయన ప్రతినిధిది. వచ్చిన ప్రతి ఒక్కరూ కంపెనీని వివరణ అడగొచ్చు. అంతా వీడియో తీస్తారు. చివర్లో సారాంశం స్థానిక భాషలో చదివి వినిపించాలి.

రాతపూర్వకం: డ్యూటీ మానుకుని రాలేనివాళ్లకు ఇదే దారి. తేదీలు, ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు జత చేయొచ్చు. ఎదురు ప్రశ్న వేసే వీలు మాత్రం ఉండదు.

ఏది మేలు? ప్రశ్న సభలో అడగాలి, రుజువు రాసివ్వాలి. రెండూ చేయొచ్చు. సభకు కోరం నిబంధన లేదు; మనం వెళ్లకపోయినా అది జరిగిపోతుంది.