మాగ్నెటో: చిన్న యంత్రపు నిప్పు చరిత్ర

గుంటూరు ప్రాంతపు మిరపతోటలలోను, ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతముల పత్తిచేలలోను రైతులు వీపునకు తగిలించుకొని మందు కొట్టెడి పెట్రోలు పంపునకు గాని, గట్టుమీది గడ్డిని కోసెడి బ్రష్‌కట్టరునకు గాని, దుంగలను కోసెడి చైన్‌సా రంపమునకు గాని సాధారణముగా బ్యాటరీ యుండదు. తాడు లాగినంతనే ఆ యంత్రము తన నిప్పును తానే పుట్టించుకొనును. తిరుగుచున్నంత కాలము ఆ నిప్పును తానే పోషించుకొనును. ఈ స్వావలంబనము అనాయాసముగా లభించినది కాదు. దాని వెనుక నూరేండ్లకు మించిన ప్రయాస కలదు. ఆ ప్రయాసలో ఎదురైన ఒక్కొక్క చిక్కునకు సమాధానముగా ఒక్కొక్క భాగము పుట్టినది. నేడు మన వాకిట నిలిచి, ఎంత లాగినను పలుకక యంత్రము మొండికేసినప్పుడు, తరచుగా ఆ పాత చిక్కులలో ఏదో యొకటి మరల తలయెత్తియుండును. కావున ఈ నిప్పును పుట్టించు మాగ్నెటో పూర్వచరిత్రను ఎరుగుట దాని రోగనిదానమును ఎరుగుటకు చాలవరకు తోడ్పడునని నా విశ్వాసము.

ఇంధనవాయువును సిలిండరులో బంధించుట కంటె దానిని తగిన క్షణమున మండించుట కష్టతరమని తొలినాటి యంత్రశిల్పు లందరును గ్రహించిరి. 1860లో ఎటియెన్ లెన్వార్ పారిసునందు నిర్మించిన గ్యాసు యంత్రమునకు బ్యాటరీయు, రుమ్‌కార్ఫ్ తీగచుట్టయు నిప్పు నొసగినవి. 1876లో నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల యంత్రమును సాధించినప్పుడు చిన్న జ్వాలనే జారుడు కవాటము ద్వారా సిలిండరులోనికి చేర్చు పద్ధతిని వాడెను. 1883లో దైమ్లర్ వర్గమువారు, బర్నరు మంటకు ఎల్లప్పుడు ఎర్రగా కాలుచుండు గొట్టమును సిలిండరు తలకు బిగించిరి. గాలి విసరినచో ఆ మంట ఆరిపోవును, పెట్రోలు ఒలికినచో అదే మంట బండినంతయు చుట్టుకొనును. కార్ల్ బెంజ్ 1879 సంవత్సరపు చివరి రాత్రి మాన్‌హైములో తొలుత నడిపింపగలిగినది రెండు స్ట్రోకుల యంత్రమే. 1886లో పేటెంటు పొందిన మూడుచక్రముల బండికి మాత్రము ఆయన బ్యాటరీతో పనిచేయు కంపన తీగచుట్టను అమర్చెను. ఆ బ్యాటరీ కొలది దూరములోనే నీరసించెడిది. నిప్పు సమస్యయే తక్కిన సమస్యలన్నిటికంటె గడ్డుదని బెంజ్ భావించుటలో ఆశ్చర్యము లేదు.

అయస్కాంతము చెంత తీగచుట్ట కదలినచో అందు విద్యుత్తు జనించునని మైకేల్ ఫారడే 1831లోనే నిరూపించియుండెను. ఆ సూత్రమును యంత్రపు పనికి వినియోగించి, చచ్చిపోవుటకు వీలులేని విద్యుదాధారమును సృజించుటయే మాగ్నెటో యొక్క లక్ష్యము. రాబర్ట్ బాష్ 1886 నవంబరులో స్టుట్‌గార్ట్ పట్టణమున చిన్న కార్ఖానా తెరచి విద్యుత్పరికరముల పనులు చేయుచుండగా, మరుసటి యేట ఒక యంత్రనిర్మాత తన గ్యాసు యంత్రమునకు మాగ్నెటో కావలెనని కోరెను. బాష్ దానిని క్రొత్తగా కనిపెట్టలేదు. డాయిట్జ్ సంస్థవారు అప్పటికే వాడుచుండిన పరికరమును పరిశీలించి, దానిని మెరుగుపరచి చేసి యిచ్చెను. ఈ సంగతిని ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు: ఇతరుల పనిని విప్పి చూచి, అందలి లోపమును గుర్తించి, సరిదిద్దు బుద్ధినుండియే ఈ పరిశ్రమ యంతయు పుట్టినది. నేడు ఇంటి వసారాలో పానా చేతబట్టి ప్లగ్గు విప్పువాడు ఆ వంశమునకు చెందినవాడే యని చెప్పుటకు నేను సంకోచింపను.

1897లో ఫ్రెడెరిక్ సిమ్స్ అను ఇంగ్లీషు వ్యాపారి ద డియోన్-బూటోన్ వారి మోటారు త్రిచక్రికకు మాగ్నెటో అమర్చుమని కోరెను. ఒకచోట నిలిచి పనిచేయు గ్యాసు యంత్రములు మందగతిని తిరుగునవి. ఈ చిన్న యంత్రమో నిమిషమునకు 1800 పర్యాయముల వరకు తిరుగును. అంతటి వేగమును, తీగచుట్టను మోయు బరువైన ఆర్మేచరు తట్టుకొనజాలదు. అప్పుడు కార్ఖానా నిర్వాహకుడైన ఆర్నాల్డ్ జేరింగర్, ఆర్మేచరును నిశ్చలముగా నిలిపి, దానికిని అయస్కాంతమునకును నడుమ తేలికైన లోహపు తొడుగు మాత్రమే ఊగునట్లు చేసి ఆ చిక్కును విడదీసెను. అయినను ఒక పెద్ద లోపము మిగిలెను. నిప్పురవ్వను పుట్టించు కదలెడి మీట సిలిండరు లోపలనే, మంటల మధ్యనే యుండవలసి వచ్చెడిది. అది మసిబారి, అరిగి, పట్టివేసెడిది. 1902లో బాష్ వద్దనే పనిచేయుచుండిన గాట్లోబ్ హోనోల్డ్ ఒకే ఆర్మేచరుపై లావుపాటి తీగను కొన్ని చుట్లును, వెండ్రుకవలె సన్నని తీగను వేలకొలది చుట్లును చుట్టి, వేల వోల్టుల ఒత్తిడిని సాధించి, సిలిండరులో కదలెడి భాగమేదియు లేకుండ రెండు నిశ్చలమైన మొనల నడుమ నిప్పు దుమికించెను. నేటి స్పార్క్‌ప్లగ్గు స్థానము నాటితో సుస్థిరమైనది.

రెండు స్ట్రోకుల యంత్రము వేరొక దారిని నడచి వచ్చినది. డుగాల్డ్ క్లార్క్ 1878లో దానిని రూపొందించినను, ఆయన యంత్రమునకు మిశ్రమమును నింపుటకు వేరొక సిలిండరు కావలసి యుండెను. ఇంగ్లండులోని బాత్ పట్టణవాసి జోసెఫ్ డే 1891 ప్రాంతమున క్రాంక్ పెట్టెనే పంపుగా వాడుకొనెను. ఆయన వద్ద పనిచేసిన ఫ్రెడెరిక్ కాక్ పిస్టను అంచుచేతనే రంధ్రములను మూయించి తెరపించి కవాటములను పూర్తిగా తొలగించెను. పిస్టను, దాని కడ్డీ, క్రాంకు—ఈ మూడే కదలెడి భాగములు. ఇంత తేలిక యంత్రమునకు బరువైన బ్యాటరీని తగిలించుట అసంగతము. అయస్కాంతమే దానికి తగిన జోడు.

ఆ జోడు కుదురుటకు యుద్ధము కారణమగుట విచారకరమైన విషయము. 1914లో ప్రపంచయుద్ధము మొదలగునాటికి బ్రిటను తన విమానములకు, లారీలకు కావలసిన మాగ్నెటోలలో అధికభాగమును జర్మనీనుండియే తెప్పించుకొనుచుండెను. స్వదేశమున చెప్పుకొనదగిన తయారీదారులు బర్మింగ్‌హామునందలి థామ్సన్-బెనెట్ వారే. ఆ సంస్థను ఆ యేడే లూకస్ వారు తమలో కలుపుకొనిరి. అంతకు ముందు 1913లో, వుల్వర్‌హాంప్టన్‌లో సైకిలు ఫ్రీవీలులు చేయుచుండిన విల్లియర్స్ సంస్థ 269 సీసీల రెండు స్ట్రోకుల యంత్రమును వెలువరించియుండెను. కొన్న మాగ్నెటోలపై ఆధారపడుట యుద్ధముతో కష్టమైనందున, వారు అయస్కాంతములను యంత్రపు ఫ్లైవీలులోనే పొదిగి, తీగచుట్టను దాని లోపల నిలిపిరి. అయస్కాంతములను ఫ్లైవీలుకు తగిలించు ఊహ 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీ కారులోనే కలదు గాని, చిన్న యంత్రమునకు దానిని సర్వసాధారణము చేసిన కీర్తిలో విల్లియర్స్ వారికి గొప్పవాటా దక్కవలెను. చార్లెస్ కెటరింగ్ కృషి ఫలముగా 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరును, బ్యాటరీ తీగచుట్టయు కలసివచ్చిన పిమ్మట కార్లు క్రమముగా మాగ్నెటోను విడనాడినవి. విమానములును, మనుష్యుడు చేత మోయు పనిముట్లును మాత్రము విడువలేదు. 1929లో ఆండ్రియాస్ స్టీల్ తన తొలి పెట్రోలు రంపమును బాష్ వెలసిన ఆ స్టుట్‌గార్ట్ పరిసరముననే నిర్మించెను. మన దేశములో బజాజ్, లాంబ్రెట్టా స్కూటర్లును, హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పకమును ఫ్లైవీలు మాగ్నెటోను ఇంటింటికి తెచ్చి, ప్లగ్గు, పాయింట్లు, కండెన్సరు అను మాటలను తెలుగు మాటలుగానే చేసివైచినవి.

ఇక ఆ ఫ్లైవీలు చక్రములో జరుగు పనిని కొంచెము దగ్గరగా చూతము. అయస్కాంతము తీగచుట్ట యొక్క ఇనుప కాళ్లను దాటుచుండగా లావు తీగలో విద్యుత్తు ప్రవహించును. అది మిక్కుటముగా నున్న క్షణమున, ఆ ప్రవాహపు దారిలో ఒకదానినొకటి తాకియుండు లోహపు మొనలైన పాయింట్లు విడివడును. ప్రవాహము హఠాత్తుగా తెగును. ఆ తెగుటవలననే సన్నతీగలో పది పదునైదువేల వోల్టులు పుట్టి ప్లగ్గు మొనల నడుమ దుముకును. కరెంటు పారునప్పుడు గాక తెగినప్పుడు నిప్పు పుట్టుట దీని రహస్యము. పాయింట్ల నడుమనే మెరుపు పుట్టి ఆ తెగుటను మందగింపజేయకుండ కండెన్సరు కాపాడును. అది చెడినచో ప్లగ్గు వద్ద పసుపుపచ్చని బలహీనపు రవ్వ కనబడును, పాయింట్లు నల్లగా మాడును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగు యంత్రములో ఇది యంతయు సెకనుకు 100 మారులు జరుగవలెను.

ఆగిపోయిన యంత్రమును ఇంట పరీక్షించువాడు మొదట ప్లగ్గును విప్పి దాని ముఖమును చూడవలెను. అది బిస్కెట్టు రంగున పొడిగా నున్నచో ప్లగ్గు ఆరోగ్యము మంచిది, పెట్రోలు వచ్చుచున్నదా యని అప్పుడు విచారింపవలెను. తడిసియున్నచో పెట్రోలు వచ్చుచున్నది గాని మండుటలేదు. రెండు స్ట్రోకుల యంత్రము పెట్రోలులో నూనె కలిపి త్రాగునది గనుక మసి దానికి సహజవ్యాధి. రెండు మొనల నడుమ మసి వంతెన కట్టినచో విద్యుత్తు దుముకక దానిమీదుగానే జారిపోవును. ఇత్తడి బ్రష్షుతో మసి తుడిచి, మొనల ఎడమును యంత్రము పుస్తకములో చెప్పినంత, సాధారణముగా 0.6 మిల్లీమీటరుల దాపున, సరిచేయవలెను. పిదప ప్లగ్గును క్యాపులో దూర్చి, దాని మరల భాగమును సిలిండరు రెక్కల కానించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా, పెట్రోలు ఒలికిన తావు కాకుండ చూచుకొని తాడు లాగవలెను. నీలపు రవ్వ చిటుక్కుమని దుమికినచో నిప్పు కలదు. అయినను ఒక హెచ్చరిక అవసరము: బయటి గాలిలో దుమికిన రవ్వ సిలిండరులోని ఒత్తిడిలో దుమకకపోవచ్చును, కనుక క్రొత్త ప్లగ్గు ఒకటి చేతనుంచుకొని మార్చి చూచుట ఉత్తమము.

రవ్వ లేనప్పుడు పలువురు కాయిల్, అనగా తీగచుట్ట, పోయినదని తొందరపడి దానినే కొందురు. ఈ తొందరపాటు నాకెంతమాత్రము నచ్చదు. మాగ్నెటోను ఆపు మార్గము లావు తీగను ఎర్తుకు కలిపివేయుటయే గనుక, ఆపు స్విచ్చినుండి వచ్చు చిన్న తీగ ఎక్కడనో ఒరసికొని పైతొడుగు చిరిగి లోహమునకు తగిలినచో, యంత్రము ఎల్లప్పుడును ఆపివేయబడియే యుండును. కాయిల్ వద్ద ఆ తీగను విడదీసి మరల తాడు లాగి చూచినచో పైసా ఖర్చులేకుండ సత్యము తేలును. ఆ స్థితిలో యంత్రము నడచుట మొదలిడినచో స్విచ్చుతో ఆగదు గనుక చోక్ మూసి ఆపవలెను. అటుపిమ్మట ప్లగ్గు తీగ పగుళ్లను, క్యాపు లోపలి తుప్పును, ఫ్లైవీలు అయస్కాంతములపైని చిలుమును చూడవలెను. వర్షకాలమంతయు కొట్టములో పడియున్న పాత యంత్రములకు పాయింట్లపై సన్నని పొర యేర్పడును. జీరో ఎమరీ కాగితమును మడిచి వాని నడుమ మెల్లగా లాగి, తరువాత శుభ్రమైన కాగితముతో దుమ్ము తుడిచినచో పెక్కు యంత్రములు బ్రదుకును.

రవ్వ చక్కగా నుండియు యంత్రము నడువక, తాడును చేతినుండి వెనుకకు లాగికొనుచున్నచో దోషము నిప్పులో లేదు, నిప్పు వచ్చు వేళలో కలదు. ఫ్లైవీలును క్రాంకునకు సరియైన స్థానమున నిలుపు చిన్న కీ, రంపము గట్టి దుంగలో బిగిసినప్పుడో, బ్రష్‌కట్టరు రాతిని కొట్టినప్పుడో సగము కోసికొనిపోవుట కలదు. చక్రము కొలది డిగ్రీలు జరిగినను పిస్టను పైకి రాకమునుపే, లేక దిగిపోయిన పిమ్మట, నిప్పు పడును. దీనిని చక్రము విప్పిననే గాని కనుగొనలేము.

1969లో కవాసాకి వారి మోటారుసైకిలుపై కండెన్సరు విడుదల పద్ధతి వచ్చుట మొదలు, తరువాతి దశాబ్దములలో చిన్న పనిముట్లనుండియు పాయింట్లు తొలగిపోయి, ట్రాన్సిస్టరులతో కూడిన మూతవేసిన కాయిల్ వచ్చినది. ఈ మార్పును నేను స్వాగతింతును. చెమటకును, మందునీటికిని చెడెడి పాయింట్లు పంటచేనులో పెద్ద పీడ. కాని దానితోపాటు ఇంట సరిదిద్దదగిన భాగమొకటి చేజారిపోయినదని కూడ ఒప్పుకొనక తప్పదు. మిగిలిన సవరణ ఒక్కటే: ఫ్లైవీలునకును కాయిల్ కాళ్లకును నడుమ ఎడము. అది అనేక యంత్రములలో సుమారు 0.3 మిల్లీమీటరు. ఒక విజిటింగు కార్డును ఆ నడుమ నుంచి, కాయిల్ మరలు వదులుచేసి, అయస్కాంతము దానిని తనంత తానుగా లాగికొనునట్లు విడిచి, మరలు బిగించి, కార్డు తీసివేసి, చక్రమును చేతితో ఒకచుట్టు త్రిప్పి ఎక్కడను తగులుటలేదని చూచుకొన్నచో చాలును. యంత్రము చల్లగా నున్నప్పుడు చక్కగా నడచి, పదియో పదునైదో నిమిషములలో వేడెక్కి ఆగి, చల్లారిన పిమ్మట మరల నడచుచున్నచో, ఆగిన ఆ క్షణముననే ప్లగ్గు విప్పి రవ్వను పరీక్షింపవలెను. అప్పుడు రవ్వ లేక, చల్లారిన పిదప వచ్చుచున్నచో కాయిల్ లోపలి భాగమే వేడికి తాళలేకున్నదని స్పష్టము; దానిని మార్చుట తప్ప వేరు దారి లేదు.